ఆరున్నొకటి

పత్రికలో పనిచేసినన్నాళ్ళూ నా చేతుల మీదుగా ఎన్నో అంకెలు వెళ్ళాయి. తుపానుకు కూలిన ఇళ్ళు, బియ్యం ధరలు, రైలు వేళలు. అచ్చుకు పోయే ముందు ప్రతి అంకె కిందా వేలు పెట్టి చూడటం మా పని. ఏడు దగ్గర మాత్రం నా వేలు ఇంకాస్త ఎక్కువసేపు ఆగేది. పక్క బల్ల వాళ్ళు దాన్ని జాగ్రత్త అనుకునేవారు. నేనూ కాదనలేదు. నిజానికి అది మా అప్ప అత్తవారింట్లో నాకు అంటుకున్న భయం.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె అత్తవారి ఊరు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరుకు కొంచెం ఇవతల, సముద్రపు హోరు పగలు కూడా వినిపించేంత దూరంలో ఉంది. చుట్టూ కొబ్బరి, పనస, వాటి మధ్య జీడిచెట్లు. పల్లంలో కాస్త వరి. వడ్లు కళ్ళం నుంచి ఇంటికి చేరాక వసారాలో పోసి కుంచంతో కొలిచేది అప్ప అత్తగారు. కొలుస్తుంటే ఆమె గొంతు పాటలా సాగేది. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండు... మూడు..." అంటూ ఆరు దాకా వచ్చి, "ఆరున్నొకటి" అని, అక్కణ్ణించి ఎనిమిదికి వెళ్ళిపోయేది. ఏడు అన్న మాటలో ఏడుపు ఉంది కనుక ధాన్యం దగ్గర ఆ మాట నోట రానివ్వరు.

చాలా ఇళ్ళలో ఇది కుంచం పట్టుకున్నంతసేపు పాటించే మర్యాద. కొలత ముగిశాక ఎవరికీ గుర్తుండదు. ఆ ఇంట్లో అలా కాదు. పిల్లల వయసు చెప్పాలన్నా ఆరున్నొకటే. పోయిన ఏడు అనరు, పోయిన సంవత్సరం అంటారు. ఎవరైనా ఆగకుండా ఏడిస్తే ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నారని మనం నవ్వుతాం, ఆ నవ్వు కూడా ఆ గడప లోపల వినపడేది కాదు.

దానికి కారణం ఉంది. అప్ప అత్తగారికి ఒక తోటికోడలు ఉండేది, మా బావకు పెద్దమ్మ. ఆమె ఏడో కాన్పులో, ఆ ఇంటి తూర్పు గదిలోనే పోయింది. బిడ్డా దక్కలేదు. అంతకు ముందు పుట్టిన ఆరుగురినీ చుట్టాలు తలా ఒకరిని తీసుకుపోయారు. ఒకడు టెక్కలిలో పెరిగాడు, ఒకతె డొంకూరు వైపు ఒడియా మాట్లాడే ఇంట్లో పెరిగి తెలుగే మరిచిపోయింది. ఆ ఆరుగురూ మళ్ళీ ఒక్క పంక్తిలో కూర్చుని అన్నం తినడం ఎవరూ చూడలేదు.

మా అప్పకు అప్పటికి ఆరుగురు పిల్లలు. మళ్ళీ నెలలు నిండుతున్నాయి.

మా అమ్మ బతికి ఉంటే తానే వచ్చేది. అమ్మ పోయింది కనుక నేను వచ్చాను. పట్నంలో ఒక దినపత్రికలో అచ్చుతప్పులు దిద్దే పనిలో కొత్తగా చేరిన రోజులు. సెలవు అడిగితే, కాన్పుకు నువ్వెందుకయ్యా అని నవ్వారు. పలాసలో రైలు దిగి, ఎడ్లబండి ఎక్కి, ఇసుక దారిన చక్రాలు కూరుకుపోతుంటే దిగి తోసుకుంటూ సాయంత్రానికి చేరాను. అప్ప గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం పాలిపోయి, పాదాలు వాచి ఉన్నాయి. "అమ్మలాగ నువ్వొచ్చినావేటి తమ్మీ" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం రాలేదు, ఉన్నది పోయింది.

బావ మంచివాడు. కొబ్బరి తోట, ఎద్దులు, పిల్లలు, అంకెలు, ఇవే అతని లోకం. చిన్నప్పుడు టెక్కలి బడిలో కొన్నాళ్ళు చదివాడు. అక్కడ వంటబట్టిన లెక్కల సరదా తోటలోకి వచ్చాక కూడా వదల్లేదు. ఆ ఇంట్లో కాన్పు భయాన్ని పైకి అనేవాళ్ళు ఎవరూ లేరు. బావ దాన్ని ఆటలతో కప్పేవాడు.

ఒక మధ్యాహ్నం, ఎండ వాలాక, కొత్తగా సున్నం వేసిన వసారా గోడ మీద బొగ్గు ముక్కతో ఒక అంకె వేశాడు.

142857.

"ఏటి బావమరిదీ, పట్నంలో తప్పులు దిద్దుతున్నావట! దీన్లో తప్పుంటే సూపించు."

"ఒట్టి అంకె బావా. తప్పేముంటుంది?"

"ఒట్టి అంకేటి! నా పిల్లలే ఇది. సూడు."

పిల్లల్ని పిలిచి, పెద్దవాడి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికి ఒక్కో అంకె పంచాడు. పెద్దవాడు ఒకటి. తర్వాతిది నాలుగు. మూడో పిల్ల, నోరు మూతపడని పిల్ల, రెండు. ఆ తర్వాత ఎనిమిది, అయిదు. నడక వచ్చి ఎంతో కాలం కాని చివరి పిల్లవాడికి ఏడు మిగిలింది. బావ ఆ మాట పూర్తిగా అనకముందే అతని తల్లి లోపల్నుంచి అంది: "నా మనవడు ఆరున్నొకటి."

"అలగే అమ్మా, ఆరున్నొకటే. పేరు మారిస్తే గుంటడు మారిపోతాడేటి?"

ఆరుగురినీ చేతులు పట్టించి గుండ్రంగా నిలబెట్టాడు. గోడ మీద అంకెను రెండు పెట్టి హెచ్చవేశాడు. 285714 వచ్చింది. "సూసినావా? ఆళ్ళే. గొలుసు తెంపే సోటే మారింది" అన్నాడు. రెండు దగ్గర చేతులు వదిలించి వరసగా నిలబెడితే సరిగ్గా అదే అంకె. మూడు పెట్టి హెచ్చవేస్తే 428571, ఈసారి రెండో పిల్ల ముందు. నాలుగు పెడితే 571428. అయిదు పెడితే 714285, అంటే బుడ్డోడు అందరికంటే ముందు. వాడు ముందు నిలబడటం ఇష్టంలేక ఇసుకలో చతికిలబడి కొబ్బరిపీచు నోట్లో పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. గుమ్మంలో కూర్చున్న అప్ప కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆరు పెడితే 857142. మొదటి వరసతో కలిపి ఆరు వరసల్లో ఆరుగురికీ ఒక్కోసారి ముందు నిలబడే వంతు వచ్చింది. ఒక్కడూ తప్పిపోలేదు, కొత్తవాడెవడూ వరసలో దూరలేదు. నాకు నిజంగానే ముచ్చటేసింది.

"ఇంకోటి పెట్టి సెయ్యి నాన్నా" అంది మూడో పిల్ల.

ఆట ఊపులో బావకు ఏమీ తోచలేదు. పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు గట్టిగా మొదలుపెట్టాడు. "ఏడు ఏడులు నలభై తొమ్మిది." తొమ్మిది వేశాడు. తర్వాతి చోటా తొమ్మిదే. ఆ తర్వాతా తొమ్మిదే. నాలుగో తొమ్మిది వేసేటప్పటికి అతని చెయ్యి నెమ్మదించింది. కానీ మొదలుపెట్టిన లెక్కను మధ్యలో వదలడం అతని వల్ల కాదు.

999999.

పిల్లలు చేతులు పట్టుకునే ఉన్నారు. ఎక్కడ తెంపమంటాడా అని తండ్రి ముఖం చూస్తున్నారు. మూడో పిల్ల గోడ దగ్గరికి వెళ్ళి, ఆ చివర నుంచి ఈ చివర దాకా తన అంకె కోసం వెతికింది. తర్వాత అన్నయ్య అంకె కోసం వెతికింది.

"మేమేరి నాన్నా?" అంది.

లోపల ఏదో చెంబు కింద పడింది. ముసలామె బయటికి వచ్చింది. "ఏటన్నావురా ఆ మాట? ఈ ఇంట్లో, ఈ దినాల్లో, ఏటన్నావురా!"

"లెక్కమ్మా. ఒట్టి లెక్క."

"లెక్కకి నోరెందుకురా?"

నేను అప్ప వైపు చూశాను. ఆమె నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, తీసివేయడం మరిచిపోయినట్టు. ఆమె కళ్ళు గోడ మీదున్నాయి.

బావ తడిగుడ్డ తెచ్చి తుడిచాడు. కొత్త సున్నం మీద బొగ్గు తుడిస్తే పోతుందా? నల్లటి మబ్బులా గోడంతా అలముకుంది. మిగిలిన అంకెలన్నీ అందులో కలిసిపోయాయి. గట్టిగా నొక్కి వేసినవి కాబట్టి తొమ్మిదులు మాత్రం ఆ మసక వెనక అలాగే కనిపిస్తూ ఉండిపోయాయి. మళ్ళీ సున్నం కొడదామంటే ముసురు పట్టుకుంది. గోడ ఆరలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అందరూ మెల్లగా నడిచారు. పిల్లలు ఆ ఆట మళ్ళీ ఆడమనలేదు. అన్నాల వేళ అప్ప వాళ్ళ తలలు ఒక్కొక్కటీ తాకుతూ వడ్డించేది. ఎవరైనా పెరట్లోకి వెళ్ళి రెండు నిమిషాలు కనపడకపోతే పిలిచేది. ఆ పిలుపులో ఏదో ఉండేది. అది విన్న ప్రతిసారీ నేను చేతిలోని పని ఆపేసేవాణ్ణి.

ఒక పొద్దున నేను నూతి దగ్గర ఉంటే నెమ్మదిగా వచ్చి గట్టు మీద కూర్చుంది.

"తమ్మీ, నువ్వు సదువుకున్నోడివి. మీ బావ లెక్క తప్పేనా?"

తప్పని చెబితే సరిపోయేది. ఆమె అబద్ధం అడగడం లేదని తెలుస్తూనే ఉంది. "తప్పు కాదప్పా."

"మరి అలగెందుకైనాది? ఆరు దాకా నా పిల్లలే ఉన్నారు. ముందోడు ఎనక, ఎనకోడు ముందు, అంతే. ఆరున్నొకటి కాడికొచ్చేసరికి ఒక్కడూ లేడు."

కారణం చెబితే భయం తగ్గుతుందని అప్పట్లో నాకొక నమ్మకం. మట్టిలో పుల్లతో గీసి చూపించాను. ఒక్కదాన్ని ఏడు వాటాలు వెయ్యబోతే అది తెగదు. పది చేసి పంచితే ఒకటి వచ్చి మూడు మిగులుతుంది. ఆ మూడును ముప్ఫై చేసి పంచితే నాలుగు వచ్చి రెండు మిగులుతుంది. అలా మిగిలినదాన్ని మళ్ళీ మళ్ళీ పంచుకుంటూ పోతే, ఆరు అంకెల తర్వాత మొదటికే వస్తాం. మళ్ళీ ఒకటి మిగులుతుంది, మళ్ళీ అవే ఆరు అంకెలు. అందుకే ఎక్కడ మొదలుపెట్టినా అవే గుండ్రంగా తిరుగుతాయి. ఏడు వాటాలనూ మళ్ళీ కలిపితే అంకెలన్నీ తొమ్మిదులై...

అక్కడ నా పుల్ల ఆగిపోయింది.

"అంటే" అంది అప్ప, "ఆ మాట దాని కడుపులోనే ఉందన్నమాట. మొదట్నుంచీ."

అది నిజం. ఆ అంకె పుట్టిందే ఏడు నుంచి. ఇల్లంతా కలిసి ఇన్నేళ్ళు తప్పించుకు తిరిగిన మాట, ఆడుకోవడానికి తెచ్చుకున్న అంకె లోపలే కూర్చుని ఉంది. ఫలితం కంటే కారణమే ఎక్కువ భయపెట్టింది నన్ను. కాలితో ఆ గీతలు చెరిపేశాను.

అప్ప నూతిలోకి తొంగి చూసింది. "నాకేటైనా అయితే ఆరుగుర్నీ ఒక్కసోటే ఉంచండి. మీ బావకి సెప్పు. ఒకర్నీ ఎవులికీ ఇవ్వొద్దని సెప్పు. ఆళ్ళని ఇడదియ్యకండి తమ్మీ."

"ఏమీ అవదప్పా."

"అవదు. అయినా సెప్పు."

నేను బావకు చెప్పాను. అతను తల ఊపి ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ముసురు గాలివానగా మారిన రోజున అప్పకు నొప్పులు మొదలయ్యాయి. తెల్లవారగానే పక్క పల్లె నుంచి మంత్రసాని వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆమె బయటికి వచ్చి బావను పక్కకు పిలిచి ఏదో చెప్పింది. టెక్కలి నుంచి డాక్టరును తెస్తానని బండి కట్టుకుని ఆ వానలోనే వెళ్ళిపోయాడు. దారిలో వాగులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు.

నేనూ ఆరుగురు పిల్లలూ వసారాలో మిగిలాం. మబ్బుకు పట్టపగలే మసకబారింది. కొబ్బరిచెట్లు ఒకదాని మీదికి ఒకటి వంగి లేస్తున్నాయి. మట్టలు విరిగి పడుతున్నాయి. సముద్రం ఇంటి వెనక్కి వచ్చేసినట్టు వినిపిస్తోంది. తలుపు వెనక నుంచి అప్ప మూలుగు వచ్చేది, గాలికి కొట్టుకుపోయేది. మూలుగు వినిపించినప్పుడు భయపడేవాణ్ణి. వినిపించనప్పుడు ఇంకా భయపడేవాణ్ణి. తూర్పు గది తలుపు అది. ఆ గదే ఎందుకు ఇచ్చారని నేను అడగలేదు. చలిగాలి కొట్టని గది అదొక్కటే.

పిల్లలు ఏడవలేదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలకు ఏడవకూడదని ఎవరూ ప్రత్యేకం చెప్పక్కర్లేదు. పెద్దవాడు బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడో పిల్ల గోడ వైపే చూస్తోంది.

"మావా" అంది. "మమ్మల్ని మళ్ళీ తీసుకొచ్చీ."

"ఎక్కణ్ణించి?"

"అందులోంచి." మసక వెనకున్న తొమ్మిదుల్ని చూపించింది.

నేను వద్దన్నాను. ఆమె బొగ్గు ముక్క తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఆ చిన్న చెయ్యి మంచులా ఉంది. ఏదో ఒకటి చెయ్యకపోతే నేను అక్కడి నుంచి లేచి వానలోకి పరుగెత్తేలా ఉన్నాను. హెచ్చవేసే ధైర్యం లేదు. ఆ తొమ్మిదుల కిందే వాళ్ళ పాత అంకె 142857 వేసి, రెండూ కూడటం మొదలుపెట్టాను. తొమ్మిదీ ఆరున్నొకటీ పదహారు అని మనసులో అనుకున్నాను. మనసులో కూడా ఆ రెండో మాట రానివ్వలేదు. ఆరు వేసి ఒకటి పైకి పంపాను. తొమ్మిదీ అయిదూ, పైనున్న ఒకటీ కలిపి పదిహేను. అలా ఒక్కొక్కటే.

1142856.

మూడో పిల్ల వేలు పెట్టి చదివింది. "ఒకటి. మళ్ళీ ఒకటి. నాలుగు. ఇదిగో నాను, రెండు. ఎనిమిది. అయిదు. ఆరు..." వేలు అక్కడే ఆపింది. "తమ్ముడేడీ మావా?"

పెద్దవాడు ఒళ్ళో ఉన్న బుడ్డోణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. అయిదుగురు వచ్చారు, చివరివాడు రాలేదు. తర్వాత, అచ్చు తప్పు వెతికినట్టు, అంకె కింద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాను. తొమ్మిదులకు పది లక్షలు నిండటానికి ఒకటే తక్కువ. ఆ ఒకటి ఎవరిచ్చారు? చివర నిలబడ్డవాడే ఇచ్చాడు. ఇచ్చి తాను ఆరయ్యాడు. వాడిచ్చిన ఒకటి అందరికంటే ముందుకు వెళ్ళి నిలబడింది.

తలుపు తెరుచుకుంది. ముసలామె వేడినీళ్ళ కోసం వచ్చింది. మోచేతుల దాకా రక్తం. గోడ మీద కొత్త అంకెలు చూసి ఆగిపోయింది.

"ఏటది? మళ్ళీ మొదలెట్టినావా?"

"కూడానంతే అత్తా. ఆ మాట అనలేదు."

"ఏటొచ్చినాది?"

"చివర ఆరు వచ్చింది. ముందర ఒకటి వచ్చింది. మధ్యలో మిగతా పిల్లలందరూ ఉన్నారు."

"ఇంతకు ముందు సివర ఏటుండేది?"

నేను చెప్పలేదు. చెప్పక్కర్లేదు. ఆమె చివరి అంకెను చూసింది, తర్వాత మొదటిదాన్ని. పెదవులు కదిలాయి. "ఆరు... ఒకటి. ఆరున్నొకటి కదేటి ఇది? నానెప్పుడూ అనేదే కదా!" తర్వాత మొదట్లో ఉన్న ఒకటి వైపు తల ఎత్తి, "అదెవులు?" అంది.

ఆమె నీళ్ళు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు మూసుకున్న కొద్దిసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. పిల్లలందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆ ఇంట్లో అంత గట్టిగా ఏడుపు వినడం నాకదే మొదలు. ఆ తర్వాత మంత్రసాని గొంతు, "పట్టుకో, గట్టిగా పట్టుకో" అని. తర్వాత అదీ లేదు. బిడ్డ ఏడుస్తూనే ఉంది. అప్ప గొంతు లేదు. వాన తగ్గింది కనుక ఆ నిశ్శబ్దం బాగా వినిపిస్తోంది. ఆరుగురూ నాకు ఆనుకుని నిలబడ్డారు. వీళ్ళలో ఎవరు ఏ ఊరికి పోతారోనన్న ఆలోచన నాకు వచ్చింది. టెక్కలి, డొంకూరు... ఆ ఆలోచనను ఆపడం నా వల్ల కాలేదు.

తలుపు సగం తెరుచుకుంది. ముసలామె గడప మీద నిలబడి ఒకే ఒక్క మాట అంది.

"లాభం."

నాకు అర్థం కాలేదు. బిడ్డ సంగతా, తల్లి సంగతా?

"అత్తా, మా అప్పో?"

"లాభం అన్నాను కదరా! ఒక్కదానికే అయితే ఆ మాట నా నోట్లోంచి వత్తాదేటి?"

అప్పుడు ఆమె గడప మీదే కూలబడి, ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. ఎవరూ ఆపలేదు.

బావ మర్నాడు వచ్చాడు. డాక్టరు రాలేదు. వాగు దాటలేక బండి అవతలే వదిలేసి, ఒళ్ళంతా బురదతో, ఇంటి ముందు ఆగి లోపలికి రావడానికి భయపడ్డాడు. మూడో పిల్ల పరుగెత్తి వెళ్ళి చెప్పింది: "నాన్నా, లాభమొచ్చినాది. ఆడపిల్ల."

అప్ప కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. రక్తం పోయి, చెవులు కూడా తెల్లగా అయిపోయాయి. మళ్ళీ జ్వరం వస్తుందేమోనని రోజూ భయపడ్డాం. నా సెలవు అయిపోయింది, పట్నం నుంచి కబురు వచ్చింది, అయినా కదల్లేదు. బాగా ఎండ కాసిన ఒక రోజు ఆమెను పట్టుకుని వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టాం. బావ సున్నం కలుపుతున్నాడు. ఆమె అతన్ని ఆగమని గోడ వైపు చూసింది. మూడో పిల్ల ఒక్కొక్క అంకె మీదా చెయ్యి వేసి అందర్నీ చూపించింది. చివరి ఆరు దగ్గర ఆగి, "తమ్ముడు ఒకటి ఇచ్చీసినాడమ్మా, సెల్లి కోసం" అంది.

అప్ప మొదటి నుంచి చివరి దాకా పెదవులతో లెక్క పెట్టుకుంది. మళ్ళీ లెక్క పెట్టుకుంది. ఒళ్ళో బిడ్డను కాస్త దగ్గరికి తీసుకుంది. బావకు ధైర్యం వచ్చింది. "ఇంకోసారి కూడితే ఏటవుద్దో తెలుసా?" అని బొగ్గు కోసం వంగాడు.

"వొద్దు" అంది అప్ప. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ఇక్కడే ఆపీయండి. ఇంక ఎవులూ ఏటీ కూడొద్దు."

బావ బొగ్గు పారేసి, సున్నం కుంచె అందుకున్నాడు.